నలభై తొమ్మిదో మనిషి

1వ రోజు

ఇష్టాసన పద్ధతి మొదలై వారమైంది. అది ఎలా నడుస్తున్నదో ముప్పై రోజులపాటు రోజూ రాసి పంపమని పై ఆఫీసు ఉత్తర్వు. రాయవలసింది గాలిబండి పర్యవేక్షకురాలు, అంటే నేను, నూకరత్నం. "ప్రయాణికుల స్పందనను సానుకూల దృష్టితో నమోదు చేయగలరు" అని చివర ఒక వాక్యం తగిలించారు. నాకున్నవి రెండే కళ్లు. వాటికి ఏది కనిపిస్తే అది రాస్తాను.

పై ఆఫీసులో ఎవరూ ఈ బండి ఎక్కరు కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పంకాలతో ఎగిరే ఈ బండిలో సీట్లు నలభై ఎనిమిది. ఏడో నంబరు సముద్రపు గోడ మీద పనిచేసేవాళ్లు నలభై తొమ్మిది మంది. పొద్దున గుమ్మకొండ కాలనీ నుంచి కిందికి తెస్తాం, సాయంత్రం ఐదూ ముప్పై ఐదుకి పైకి తీసుకెళతాం. ఐదూ నలభై దాటితే కనుమలో గాలి అడ్డం తిరుగుతుంది. ఇక తెల్లారేదాకా బండి కదలదు. సీటు దొరకని ఆ ఒక్కరూ గోడ కిందున్న గదిలో పడుకోవాలి. సముద్రానికి సెలవులు లేవు కనుక మాకూ లేవు.

మొన్నటిదాకా సీట్లకు నంబర్లుండేవి. చీటీ యంత్రం వరస తప్పకుండా చీటీలిచ్చేది. నలభై తొమ్మిది రోజులకొకసారి ప్రతి మనిషికీ కింద ఉండే వంతు వచ్చేది. ఎవరికీ ఇష్టం లేదు, ఎవరూ గొడవ పడలేదు. ఇప్పుడు యంత్రం తీసేశారు. ఎక్కే సమయం తగ్గి బ్యాటరీ ఆదా అవుతుందట. తలుపు పక్కన పచ్చరంగుతో "ముందు వచ్చినవారిదే సీటు. నచ్చినచోట కూర్చోండి" అని రాయించారు.

ఎక్కడానికి పూర్వం పద్నాలుగు నిమిషాలు పట్టేది. ఇవాళ ఇరవై రెండు పట్టింది.

3వ రోజు

తలుపు ఐదింటికి తీస్తాను. అందరికంటే ముందు ఎక్కేది హైమావతి. హాజరు విభాగానికి పెద్ద. మోకాళ్లు పనిచేయవని డాక్టరు కాగితం ఉంది కనుక వరసలో నిలబడనక్కరలేదు. ఆ మోకాళ్లే మెట్లు ఎక్కాక మూడు అంగల్లో మూడో వరస చేరతాయి. చేతిసంచి ఒక సీట్లో, గొడుగు ఒక సీట్లో, టిఫిన్ క్యారియరు, శాలువా, నీళ్లసీసా తలో సీట్లో. ఐదు సీట్లు ఆపి, ఆరో సీట్లో తను కూర్చుని కళ్లు మూసుకుంటుంది. ఆ ఐదుగురు స్నేహితురాళ్లూ క్యాంటీన్లో టీ తాగి, ముఖాలు కడుక్కుని, పౌడరు రాసుకుని ఐదూ ఇరవై ఐదుకి వస్తారు.

నాలుగో నిబంధన స్పష్టంగానే ఉంది. సీటు మనిషికే, సామానుకు కాదు.

హైమావతిని చూసి మిగతావాళ్లు నేర్చుకున్నారు. రుమాళ్లు, తువ్వాళ్లు, ఒంటి చెప్పు. ఒకాయన సగం కొరికిన జామకాయ పెట్టి నీళ్లు తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేదాకా ఆ సీటు ఎవరూ తాకలేదు. జనం గురించి ఆయనకు నాకంటే బాగా తెలుసు. పూర్వం నేల మీద బస్సులు తిరిగేవని, కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపేవారని మా అమ్మమ్మ చెప్పేది. అప్పుడు నవ్వాను. నేల పోయింది, బస్సులు పోయాయి, తువ్వాలు మాత్రం కొండెక్కి మరీ వచ్చింది.

ఇందులో సానుకూలం ఏమిటంటే, అందరూ ఉతికిన రుమాళ్లే వాడుతున్నారు.

6వ రోజు

ఇవాళ నిబంధన అమలు చేశాను. పై ఆఫీసు సంతోషించగలదు.

దాలినాయుడు అని వెల్డరు. ముప్పై ఏళ్లుంటాయి, మాట తక్కువ. చివరి వరసలో కూర్చుని పక్క సీట్లో తన హెల్మెట్ పెట్టాడు. ఐదూ ఇరవై ఎనిమిదికి బండి నిండింది. కొలతల గుమాస్తా జోగారావు ఒక్కడే నడవలో నిలబడి ఉన్నాడు.

"ఇది ఎవరిది?" అని అడిగాను.

"నాదేనండి."

"మనిషెక్కడ?"

"సింహాద్రమ్మప్పకండి. పంపులు ఆపీసి రావాల కదండీ. ముప్పైకల్లా వచ్చెస్తాది."

"హెల్మెట్‌కి సీటేమిటి మేడం? నాలుగో నిబంధన చదవండి. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను," అన్నాడు జోగారావు.

నేను హెల్మెట్ తీసి దాలినాయుడి ఒళ్లో పెట్టాను. జోగారావు కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. మూడో వరసలో ఇంకా రాని ఒక స్నేహితురాలి కోసం గొడుగు హాయిగా కూర్చుని ఉంది. నేను దాని వైపు చూడలేదు. హైమావతి నా హాజరు కూడా రాస్తుంది. దాలినాయుడు ఎవరి గురించీ ఏమీ రాయడు.

దాలినాయుడు అక్క వరసలో అప్ప అని పిలిచే సింహాద్రమ్మ ఐదూ ముప్పై ఒకటికి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోచేతుల దాకా గ్రీజు. తలుపు దగ్గర ఆగి లోపలికి తొంగి చూసింది.

"నిండిపోనాదా అమ్మా?"

"నిండిపోయింది."

"సర్లే," అని వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

7వ రోజు

ప్రయాణికుల పాత పట్టీలు తీసి చూశాను. పద్ధతి మొదలయ్యాక పదమూడు రాత్రులు గడిచాయి. పదమూడూ సింహాద్రమ్మే కింద ఉంది. పై ఆఫీసు దీన్ని స్వేచ్ఛ అంటున్నది.

మధ్యాహ్నం పంపుల గదికి వెళ్లి, ఒక్కరోజైనా ముందు రాకూడదా అని అడిగాను. ఆవిడ గోడమీద ఎర్రగీత చూపించింది.

"నీళ్లు ఆ గీత కిందకి దిగాలమ్మా. దిగినాక నాలుగు పంపులూ ఆపాల, తలుపులు దించాల. ముందే ఆపీసినామంటే పొద్దుటికి యార్డు మునిగిపోద్ది."

"మరి గదిలో ఎలా ఉంటున్నారు?"

"ఏటుంటాది. గోడ సెమ్మ, దోమలు. దుప్పటి పిండితే నీళ్లొస్తాయి." దగ్గింది. చాలాసేపు దగ్గింది. "నా గురించి కాదుగానమ్మా, ఇంటికాడ ఆరు కోళ్లున్నాయి. పక్కింటోళ్లు గింజలేస్తన్నారు. ఎన్నాళ్లేస్తారు ఆళ్లు మాత్రం?"

ఆవిడ ఒంటరి. ఆ ఇంట్లో ఆవిడ కోసం ఎదురుచూసేవి ఆ ఆరే.

యార్డు మునగకుండా చూసే మనిషి రోజూ అందరికంటే చివర వస్తుంది. చివర వచ్చిన మనిషికి సీటు లేదు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదవడానికి పై ఆఫీసులో ఎవరికీ తీరిక దొరకలేదు. నాకూ పదమూడు రోజులు పట్టింది.

10వ రోజు

ఐదింటికి తలుపు తీసేసరికి వరసలో తొమ్మిదో మనిషి సింహాద్రమ్మ. చేతులు కడుక్కుని, తల దువ్వుకుని ఉంది. ఎవరూ పలకరించలేదు. తమ జేబులో పరాయి చెయ్యి కనిపెట్టినట్టు చూశారు.

"నీళ్లు దిగాయా?" అని మెల్లగా అడిగాను.

"దిగలేదు. నేనూ మనిషినే కదమ్మా," అంది.

కిటికీ పక్క సీటు దొరికింది. బండి లేవకముందే నిద్రపోయింది. సీటు దొరకనిది జోగారావుకి. మెట్ల మీద నిలబడి ఇది అన్యాయమని, తనకు కుటుంబం ఉందని, పైకి రాసి తేల్చుకుంటానని అరిచాడు. ఒక్క రాత్రికి.

11వ రోజు

పొద్దున దిగేసరికి యార్డులో పిక్కల దాకా నీళ్లు. హాజరు విభాగంలో పుస్తకాలన్నీ నానిపోయాయి. సగం రోజు బకెట్లతోనే సరిపోయింది. జోగారావు గదిలో బల్ల ఎక్కి కూర్చుని ఉన్నాడు. రాత్రి పదింటికే నీళ్లు రావడం చూశాడట. ఎవరికి చెప్పాలో తెలియక చెప్పలేదట. గంట కొట్టే తాడు అతని తల పక్కనే వేలాడుతున్నది.

పన్నెండింటికల్లా సింహాద్రమ్మకు నోటీసు వచ్చింది. పంపులు ఎర్రగీత ప్రకారమే ఆపాలి. మరోసారి జరిగితే ఉద్యోగం ఉండదు. సీటు విషయం ప్రయాణికులు పరస్పర అవగాహనతో చూసుకోగలరు.

సాయంత్రం పరస్పర అవగాహన చూశాను. హైమావతి తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, "ఒక మనిషి నిర్లక్ష్యం నలభై ఎనిమిది మందికి శిక్ష," అంది. ఐదు సీట్లూ ఎప్పటిలాగే ఆపింది. ఐదూ ముప్పై ఒకటికి సింహాద్రమ్మ వచ్చి, చూసి, దిగిపోయింది.

12వ రోజు

దాలినాయుడు లేచాడు.

సింహాద్రమ్మ తలుపు దగ్గరకు రాగానే బెల్టు విప్పుకుని నడవలోకి వచ్చి, "అప్పా, నువ్వు కూకో," అని దిగిపోయాడు. ఆవిడ వద్దనేలోపే మెట్లు దాటాడు.

బండి లేచాక అందరూ అతన్ని మెచ్చుకున్నారు. మంచి పిల్లవాడన్నారు. ఈ రోజుల్లో అలాంటివాళ్లు అరుదన్నారు. హైమావతి, "ఎవరో ఒకరు ఇలా ముందుకొస్తే సమస్యే ఉండదు కదా," అని ఒత్తి పలికింది. ఒకరు మంచివాడు కావడం మిగతా అందరికీ ఎంత వీలుగా ఉంటుందో ఆ ముఖాల్లో చూశాను. దిండు దొరికినట్టు ఉంది వాళ్లకు.

15వ రోజు

దాలినాయుడు మూడోసారి దిగాడు. ఇప్పుడు ఎవరూ మెచ్చుకోవడం లేదు. అతను దిగడం ఆలస్యమైతే గడియారం చూస్తున్నారు.

16వ రోజు

సింహాద్రమ్మ ఇవాళ ఎక్కనంది. "నీకూ ఇల్లుంది కదరా. పోయి కూకో," అని దాలినాయుణ్ణి కసిరి వెనక్కి పంపింది.

బండి లేచాక మైకులో మాట్లాడాను. పాత యంత్రం లాగే పేర్లు రాసుకుని వంతులవారీగా కింద ఉందామని చెప్పాను. వచ్చిన జవాబులు ఇవి. "యంత్రం తీసేసింది మేం కాదు కదండీ." "నాకు చలి పడదు." "ఆవిడకి అలవాటైపోయింది, మధ్యలో మనం మారిస్తే ఇంకా ఇబ్బంది పడుతుంది." ఈ చివరిది హైమావతిది. జోగారావు తను ఇప్పటికే ఒక రాత్రి ఉన్నానని, కావాలంటే రికార్డు చూసుకోమని అన్నాడు.

కాగితం మీద ఒక్క పేరు పడింది. దాలినాయుడిది. చించేశాను.

19వ రోజు

రెండు రోజులుగా సింహాద్రమ్మ దగ్గు బండిలోకి వినిపిస్తున్నది. ఇవాళ ఐదూ ఇరవై ఏడుకే వచ్చింది, కడ్డీ పట్టుకుని. చెయ్యి పట్టుకుంటే కాలుతున్నది. నా పెట్టెలో ఉన్న థర్మామీటరు పెట్టాను. నూట రెండు.

ఆవిణ్ణి తలుపు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చోబెట్టి బండి ఎక్కాను.

"సింహాద్రమ్మకి జ్వరం. కొండమీద తప్ప డాక్టరు లేరు. ఒకరు దిగండి."

దాలినాయుడు వెంటనే లేచాడు. "నేనుండిపోతానండి. అప్పని ఎక్కించీండి."

"నువ్వు కూర్చో," అన్నాను. "మూడుసార్లు దిగావు. ఇవాళ ఇంకొకరు దిగాలి."

"పర్లేదండి, నాకు..."

"కూర్చోమన్నాను."

కూర్చున్నాడు. మిగతా నలభై ఏడు మందీ కిటికీల్లోంచి సముద్రం చూస్తున్నారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న సముద్రమే.

తొమ్మిదో నిబంధన ప్రకారం పర్యవేక్షకురాలు తన సీట్లో బెల్టు పెట్టుకోనిదే బండి లేవకూడదు. నేను కిందికి దిగి మెట్టు మీద కూర్చున్నాను.

"ఎవరో ఒకరు దిగేదాకా నేను ఎక్కను," అని చెప్పాను.

బండి నడిపే విక్టరు స్పీకర్లో, "రత్నమ్మగారూ, పదకొండు నిమిషాలుంది," అన్నాడు. అతను ఏ పక్షమూ కాదు. గాలి పక్షం.

"రత్నంగారూ, ఇది మీ పని కాదు," అంది హైమావతి.

"కాదు. నా పని బెల్టు పెట్టుకోవడం. అది మానేశాను."

"నాకు మోకాళ్లున్నాయి."

"అందరికీ ఉన్నాయండీ."

ఎవరో లాటరీ వేద్దామన్నారు. ఎవరి పేరు వేయాలి, ఎవరి పేరు వేయకూడదు అని మూడు నిమిషాలు వాదించుకున్నారు. మోకాళ్లు, చంటిబిడ్డలు, రేపు పెళ్లిచూపులు, ఇంట్లో పప్పు నానబెట్టిన సంగతి. మినహాయింపులన్నీ పోగా లాటరీలో పేరు మిగలలేదు. దాలినాయుడు మళ్లీ లేచాడు. నేను వేలు చూపించాను. మళ్లీ కూర్చున్నాడు.

"ఐదు నిమిషాలు," అన్నాడు విక్టరు.

ఒక్కరు లేస్తారని నాకు నమ్మకం. నిజం చెప్పాలంటే, నమ్మకం కాదు, పంతం. వాళ్లను వాళ్ల కళ్లముందే ఓడించాలని ఉంది. జోగారావు ఒకసారి బెల్టు మీద చెయ్యి వేశాడు. సర్దుకుని ఇంకాస్త బిగించాడు.

ఐదూ నలభై ఒకటికి పంకాలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అందరూ ఒకేసారి నావైపు తిరిగారు. అప్పుడు చూశారు నన్ను.

20వ రోజు

ఒక్కరి కోసం కట్టిన గదిలో యాభై ఒక్కమంది పడుకున్నాం. పడుకున్నాం అనేది పెద్దమాట. మంచం సింహాద్రమ్మకిచ్చాను. మిగతావాళ్లు గోడకు దూరంగా పొడి నేల కోసం రుమాళ్లు వేసి జాగా ఆపుకున్నారు. మరుగుదొడ్డి ఒక్కటే. దాని వరసలో హైమావతి గొడుగు నిలబడింది. ఇంత జరిగినా మనుషులు తమ పద్ధతి మానలేదని పై ఆఫీసు గమనించగలదు.

తెల్లారేసరికి సింహాద్రమ్మ జ్వరం నూట నాలుగు. తడిగుడ్డ వేస్తుంటే నన్ను గుర్తుపట్టలేదు. కోళ్లను పేరుపేరునా పిలిచింది. దాలినాయుడు కాళ్ల దగ్గర కూర్చుని రాత్రంతా పాదాలు రుద్దాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

తెల్లవారి గాలి తిరగ్గానే మొదటి వరస సీట్ల మీద ఆవిణ్ణి పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాం. డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, "నిన్న సాయంత్రం తెచ్చి ఉంటే మాత్రలిచ్చి ఇంటికి పంపేదాన్ని. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పది రోజులు ఇక్కడే ఉండాలి. ఏదైనా సరే, మూడు రోజులు గడిచాకే చెబుతాను," అంది.

21వ రోజు

పై ఆఫీసుకు అర్జీ వెళ్లింది. నలభై ఏడు సంతకాలు. దాలినాయుడు పెట్టలేదు. హైమావతి దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. కింద గదిలో దోమలు, చెమ్మ, ఒకే మరుగుదొడ్డి, మనుషులు ఉండదగిన చోటు కాదు, కాబట్టి పాత చీటీ పద్ధతి పునరుద్ధరించాలి. రెండో పేజీలో, విధి నిర్వహణకు ఆటంకం కలిగించిన పర్యవేక్షకురాలిపై చర్య తీసుకోవాలి. సింహాద్రమ్మ పేరు మొదటి పేజీలోనూ లేదు, రెండో పేజీలోనూ లేదు.

రెండు కోరికలూ సాయంత్రానికే తీరాయి. చీటీ యంత్రం తిరిగి వచ్చింది. ఇన్నాళ్లూ మన స్టోరులోనే, తలుపు వెనకే ఉందట. నన్ను సస్పెండు చేశారు. ఉత్తర్వులో ఈ నమోదు ఆపమని లేదు కనుక రాస్తూనే ఉన్నాను.

ఒక మనిషి ఇరవై ఆరు రాత్రుల్లో ఇరవై రెండు ఆ గదిలో ఉంటే సర్దుబాటు. నలభై ఏడు మంది ఒక్క రాత్రి ఉంటే అది మనుషులు ఉండదగని చోటు.

24వ రోజు

ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ కబురు చేసింది. ఉదయం ఆసుపత్రికి వెళ్లాను. దారిలో సింహాద్రమ్మ ఇంటి దగ్గర ఆగి కోళ్లకు గింజలు వేశాను. ఐదే ఉన్నాయి.

ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం సగమైంది. మాట మధ్యలో ఊపిరి అందడం లేదు. యంత్రం వచ్చిందని చెప్పాను. ఇక నలభై తొమ్మిది రోజులకొకసారే వంతు అని, హైమావతికి మొదటి వారంలోనే పడిందని, జోగారావు చీటీ చూసుకుని గోడకు చేరగిలబడ్డాడని చెప్పాను. నన్ను సస్పెండు చేసిన సంగతి కూడా చెప్పాను. మెచ్చుకుంటుందని ఆశపడ్డాను. అది రాయకపోతే అబద్ధమవుతుంది.

ఆవిడ అంతా విన్నది.

"ఆ రోజు దాలినాయుడు లేసినాడు కదమ్మా," అంది.

"లేచాడు."

"రెండుసార్లు లేసినాడు."

"అవును."

"మరి నన్నెందుకు ఎక్కించలేదు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. అతను అప్పటికే మూడుసార్లు దిగాడని, ఎప్పుడూ అతనే దిగితే మిగతావాళ్లకు సిగ్గెప్పుడు వస్తుందని, న్యాయం ఒకటి ఉంటుందని. ఆవిడ దగ్గు ఆగేదాకా ఆగాను. మళ్లీ మొదలుపెట్టబోతే చెయ్యి ఎత్తింది.

"ఆళ్లకి బుద్ధి సెప్పడానికి నా జ్వరమే దొరికిందా నీకు?"

కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నీళ్లడిగింది. పట్టాను. రెండు గుక్కలు తాగి అటు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. హైమావతి గురించి రాసింది నిజం. జోగారావు గురించి రాసింది నిజం. పై ఆఫీసు గురించి ఇంకా తక్కువే రాశాను. ఏ మాటా కొట్టేయడం లేదు. ఒక సవరణ మాత్రం చేర్చి పంపుతున్నాను.

19వ రోజు నమోదుకు సవరణ: ఆ సాయంత్రం ఐదూ ఇరవై తొమ్మిదికి బండిలో ఒక సీటు ఖాళీ అయింది. పన్నెండు నిమిషాలపాటు ఆ సీటు ఆపింది నేను.